‘వీక్’ అంటే సరిపోదు: రికెటీ వేరు, ఫ్లిమ్జీ వేరు, ఫ్రేడ్ వేరు

పోటీ పరీక్షల ఇంగ్లీషు గైడు ఏది తిరగేసినా పర్యాయపదాల పేజీలో ఈ వరస ఎక్కడో ఒకచోట కనబడుతుంది: రికెటీ, ర్యామ్‌షాకిల్, డిలాపిడేటెడ్, ఫ్లిమ్జీ, డెక్రెపిట్, ఫ్రెయిల్, ఫీబుల్. వాటికి ఎదురుగా ఒకే తెలుగు మాట, ‘బలహీనమైన’. కాస్త ఓపిక ఉన్న గైడైతే పక్కన ‘శిథిలమైన’ అని కూడా చేరుస్తుంది. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా కోచింగుకి వెళ్లే పిల్లలు ఈ వరసని అలాగే బట్టీ పడతారు. ఏడు మాటలొచ్చేశాయని అనుకుంటారు. నిజానికి వాళ్లకి వచ్చింది ఒక్క మాట, అదీ వాళ్లకి ముందే తెలిసిన మాట.

ఈ ఏడూ పర్యాయపదాలు కావని నా వాదన. ఇవి ఏడు వేర్వేరు లోపాల పేర్లు. వస్తువులో ఏది చెడింది, ఎలా చెడింది, ఎందుకు చెడింది అన్నది ఒక్కో మాట ఒక్కోలా చెబుతుంది. ఆ తేడా వదిలేసి నేర్చుకుంటే మాట నోటికి వస్తుంది గానీ పనికి రాదు.

బాధ కలిగించేది ఇంకొకటుంది. ఆ తేడాలు మనకి తెలియనివి కావు. వడ్రంగి దగ్గరికి వెళ్లి బెంచీ బాగాలేదంటే ఆయన ఊరుకోడు. వదులైందా, పుచ్చిందా, చెద పట్టిందా, పగులిచ్చిందా అని అడుగుతాడు. వదులైతే కుసి, అంటే బెజ్జంలో దిగే చెక్క కొస, దగ్గర జిగురు పెట్టి చీల కొడితే సరిపోతుంది. పుచ్చితే ఆ చెక్క తీసి వేరే చెక్క వెయ్యాలి. చెదైతే ఆ ఒక్క చెక్కతో పోదు, చుట్టుపక్కల అన్నిటికీ మందు పట్టించాలి. పగులైతే అది పీచు వెంబడి పోయిందా, అడ్డంగా పోయిందా అని చూస్తాడు. చేవ ఉన్న కలపేనా అని గోటితో గీసి చూస్తాడు. ఇంత వివరం తెలుగులో సునాయాసంగా చెప్పే మనిషి, అదే బెంచీ గురించి ఇంగ్లీషులో అర్జీ రాయాల్సి వస్తే ‘వెరీ వీక్ అండ్ డ్యామేజ్ కండిషన్’ అని ఊరుకుంటాడు. ఆ కాగితం చదివిన ఇంజినీరు అంచనా వెయ్యాలంటే మళ్లీ ఊరు రావాల్సిందే.

‘రిపేరు’ సంగతీ అంతే. తెలుగులో మోటారుకి రిపేరొచ్చిందంటే అందరికీ అర్థమవుతుంది, అందులో తప్పూ లేదు. మన భాషలోకి వచ్చాక ఆ మాటకి చెడిపోవడం అనే అర్థం స్థిరపడింది. ఇంగ్లీషులో మాత్రం అది బాగుచెయ్యడమే. మోటారుకి రిపేరుందని ఇంగ్లీషులో రాస్తే, చదివేవాడికి బాగుచెయ్యడం అయిపోయిందో కావాల్సుందో తెలియదు.

బెంచీ మీద చెయ్యాల్సిన పరీక్ష

మాటల తేడా చేతికి తెలియాలంటే బడి బెంచీ ఒకటి చాలు. చదునైన నేల మీద పెట్టి ఒక మూల అరచేత్తో నొక్కండి. ఎదుటి మూల కాలు పైకి లేచి, వదలగానే టక్కుమని నేలని తాకిందంటే అది వాబ్లీ. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి కాబట్టి మూడు కాళ్ల ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీదా టకటకలాడదు. నాలుగో కాలు వచ్చేసరికి చిక్కొస్తుంది. బెంచీని ఉన్నచోటే పావు చుట్టు తిప్పి మళ్లీ నొక్కండి. టకటక పోయిందంటే లోపం నేలది. ఎక్కడ పెట్టినా అదే మూల లేస్తుంటే లోపం కాలిది. పొడుగున్న కాలు కాస్త చెక్కితే తీరిపోతుంది. చెక్కలోగానీ అతుకులోగానీ ఏ బలహీనతా లేదు. గైడు లెక్కన ఇదీ ‘బలహీనమైన’ బెంచీయే!

ఇప్పుడు అదే బెంచీని రెండు చేతులా పట్టుకుని పక్కకి తొయ్యండి. నాలుగు కాళ్లూ నేల మీదే ఉండి, పైభాగం మాత్రం ఒక పక్కకి ఒరిగి, వదిలితే కిర్రుమంటూ వెనక్కి వస్తే అది రికెటీ. అంటే అతుకులు సడలాయి. ఎండాకాలంలో కలప కుదించుకుంటుంది, వానాకాలంలో ఉబ్బుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే బెజ్జంలో కుసికి చోటెక్కువైపోతుంది, జిగురు పొడిపొడిగా రాలిపోతుంది. బాగుచేసే దారి కూడా వేరు: అతుకు విప్పి, పాత జిగురు గీకి, కొత్తది పెట్టి, కాళ్ల మధ్య ఏటవాలుగా ఒక బద్ద కొట్టాలి. నాలుగు బద్దల చట్రం తోస్తే ఒరుగుతుంది, ఏటవాలు బద్ద పడితే ముక్కోణమై కదలదు. ఈ మాట పుట్టింది రికెట్స్ అనే జబ్బు పేరు నుంచి. డి విటమిన్ చాలక పిల్లల ఎముకలు మెత్తబడి, కాళ్లు దొడ్డికాళ్లయ్యే జబ్బు అది. కాళ్లున్నాయి గానీ బరువు మొయ్యలేవు. బెంచీకి ఆ పేరు ఎందుకు అతికిందో చెప్పక్కర్లేదు.

ఫ్లిమ్జీ బెంచీలో వదులు ఎక్కడా ఉండదు. అతుకులన్నీ బిగువుగానే ఉంటాయి. మరి లోపమేమిటి? పలక పలచన. నలుగురు కూర్చుంటే మధ్యలో దిగిపోతుంది. దుకాణంలోంచి ఇవాళే తెచ్చిన బెంచీ కూడా ఫ్లిమ్జీ కావచ్చు, పాతబడక్కర్లేదు. చెయ్యాల్సిన పనికి చాలనంత పలచన అన్న తీర్పు ఈ మాటలో ఉంది. కూరగాయల సంతలో ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ సంచి ఫ్లిమ్జీ, ఇంటి లోపలి గదులకి వేసే బోలు తలుపుని వీధి గుమ్మానికి బిగిస్తే అదీ ఫ్లిమ్జీ. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్ సైన్యం పెట్రోలు మోసిన పల్చటి రేకు డబ్బాలకి సైనికులు పెట్టిన పేరే ఫ్లిమ్జీ. అతుకుల దగ్గర చిట్లి దారి పొడవునా పెట్రోలు కారిపోయేది. జర్మన్ల గట్టి డబ్బాలు దొరికాక వాటి నమూనాలోనే తామూ చేయించుకున్నారు.

బ్రిటిల్ అంటే అచ్చంగా మన పెళుసు. వంగదు, హెచ్చరించదు, పుటుక్కున విరుగుతుంది. మునగచెట్టు ఎక్కించడమనే నుడికారం ఊరికే పుట్టలేదు, మునగకొమ్మ చూడ్డానికి లావుగానే ఉంటుంది, అడుగేస్తే నిలవదు. పెళుసుదనం బలహీనత కాదని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పోత ఇనుము నొక్కుడు బరువు ఎంతో మోస్తుంది, సుత్తి దెబ్బకి పగులుతుంది. ఏళ్ల తరబడి ఎండలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ చూడండి. కొత్తలో కూర్చుంటే కాళ్లు విచ్చుకునేవి, అప్పుడది ఫ్లిమ్జీ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ అణువుల గొలుసుల్ని తెంచేశాక అదే కుర్చీ కాలు వంగడం మానేసి ఒక్కసారిగా విరుగుతుంది, ఇప్పుడది బ్రిటిల్. వస్తువు ఒకటే, లోపాలు రెండు, పడే తీరూ రెండు.

ఊగడం మాత్రం లోపం కాదు. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరంలో ఆ పొడవాటి చింతమాను కొసన పూజారి కూర్చుని ఊరేగుతుంటే మాను ఊగుతూనే ఉంటుంది. దాన్ని షేకీ అనకూడదు, స్వే అవుతుందనాలి. వంగి మళ్లీ తన రూపానికి వచ్చేది ఫ్లెక్సిబుల్. పట్టు తప్పి కదిలేది షేకీ.

ఇల్లు, కోట, శిథిలం

భవనాల దగ్గర మన ఇంగ్లీషు అంతా డిలాపిడేటెడ్ అన్న ఒక్క మాట మీద నడుస్తోంది. నోటీసుల్లో అదే, వార్తల్లో అదే, అర్జీల్లో అదే. లాటిన్లో లాపిస్ అంటే రాయి. రాళ్లు చెల్లాచెదురయ్యేలా వదిలెయ్యడం, ఉన్న ఆస్తిని పాడుపెట్టడం ఈ మాట వెనుక ఉన్న భావం. బ్రిటన్‌లో అద్దె ఒప్పందాల్లో డిలాపిడేషన్స్ అంటే ఇవాళ్టికీ ఒక లెక్క: ఖాళీ చేసేటప్పుడు, అద్దెకున్నవాడు మరమ్మతు చెయ్యకుండా వదిలేసిన వాటికి కట్టాల్సిన సొమ్ము. అంటే ఈ మాటలో ఒక నింద ఉంది. బాగుండిన భవనం, చూసుకోవాల్సినవాళ్లు చూసుకోక పాడైంది.

అందుకే శాలిహుండం బౌద్ధ స్తూపాల దగ్గర ఈ మాట వాడకూడదు. అవి రూయిన్స్. ఎవరో మొన్నటిదాకా కాపురముండి సున్నం వెయ్యడం మానేసినవి కావు. కాలం మిగిల్చినంత మిగిలింది, ఆ మిగిలినదాన్ని కాపాడుతున్నారు. శ్రీముఖలింగం గుడి బయటి శిల్పాలు ఎండకీ వానకీ నునుపు తేలితే వెదర్డ్, గుమ్మం రాయి భక్తుల పాదాలకి గుంట పడితే వోర్న్. మొదటిది వాతావరణం చేసిన పని, రెండోది వాడకం చేసిన పని. విజయనగరం కోట 1713 నాటిది, లోపల కళాశాలలు నడుస్తున్నాయి. పాతదంటే పాడైందని కాదనడానికి ఇంతకంటే దగ్గర ఉదాహరణ ఏముంటుంది?

ర్యామ్‌షాకిల్ దారి వేరు. దీంట్లో నిర్లక్ష్యం కంటే కూర్పులో పొందిక లేకపోవడం ముఖ్యం. ఒక పక్క రేకు, ఒక పక్క తాటాకు, మధ్యలో ఫ్లెక్సీ గుడ్డ, నిట్రాడకి బదులు పాత పైపు, ఇలా దొరికినవాటితో లేపిన పాక ర్యామ్‌షాకిల్. నిన్న వేసినా ర్యామ్‌షాకిలే. బండికీ, చివరికి సంస్థకీ ఈ మాట వాడతారు, ఒంటరి కర్రకి వాడరు. నాలుగైదు భాగాలు కలిసిన వస్తువు అయ్యుండాలి. ఎవరూ లేక వదిలేసి పోయినది డెరిలిక్ట్. సముద్రం మీద సిబ్బంది ఆశ వదులుకుని విడిచిపెట్టిన ఓడకి నౌకా చట్టంలో వాడే మాట ఇది. డెరిలిక్ట్ అనాలంటే మనుషులు వెళ్లిపోవాలి. జనం కాపురముంటున్న ఇంటిని అలా రాస్తే అక్కడ ఎవరూ లేరని రాసినట్టు.

ఈ తేడా డబ్బుల దగ్గర తగులుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి, ఇళ్ల పైకప్పులు లేచిపోయాయి. అలాంటి తుపాను తర్వాత బీమా ఉన్నవాళ్లు నష్టం కోరుతూ రాసే ఉత్తరంలో ‘అవర్ ఓల్డ్ డిలాపిడేటెడ్ రూఫ్’ అని మొదలుపెట్టారనుకోండి. ఆస్తి బీమా పాలసీల్లో వేర్ అండ్ టేర్, అంటే వాడకం వల్లా కాలం వల్లా మెల్లగా జరిగే అరుగుదల, మామూలుగా మినహాయింపుల జాబితాలో ఉంటుంది. ఆ ఒక్క విశేషణంతో వాళ్లే తమ నష్టాన్ని ఆ జాబితాలోకి తోసేసుకుంటారు. లేనిది రాయమని కాదు నేననేది. జరిగింది రాయాలి: గాలికి పడమటి వైపు ఇన్ని రేకులు లేచాయి, బిగించిన హుక్కులు వంగాయి, వాసాలు గట్టిగానే ఉన్నాయి. ప్రభుత్వ సాయం లెక్కల్లోనూ అంతే. విపత్తు సాయం నిబంధనల్లో పూర్తిగా పడిపోయిన ఇల్లు, పాక్షికంగా దెబ్బతిన్న ఇల్లు వేర్వేరు. పాక్షికం అనడానికి కనీసం 15 శాతం నష్టం ఉండాలి. అక్కడ ‘వెరీ బ్యాడ్ కండిషన్’ అన్న ముక్కకి ఏ గడీలోనూ చోటు లేదు.

గోడల విషయంలో తెలుగు మాటలే మనకి దారి చూపిస్తాయి. పెచ్చులూడితే స్పాలింగ్. తీరప్రాంతంలో ఉప్పుగాలికి లోపలి చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటుని లోపలి నుంచి తోసేస్తుంది. కుంగితే సెటిల్డ్, మధ్యలో దిగితే స్యాగింగ్, ఒరిగితే లీనింగ్, ఉబ్బితే బల్జింగ్. ఒక్కోదానికి కారణం వేరు, చెయ్యాల్సింది వేరు. డిలాపిడేటెడ్ అన్న మాటతో మొదలుపెడితే పెట్టండి, అక్కడితో ఆపకండి.

పొందూరు నూలు నుంచి క్రేను తాడు దాకా

పొందూరు ఖాదీ పల్చగా ఉంటుంది. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి వడికిన సన్ననూలు, 100 కౌంటు దాకా వెళుతుంది. ఇంగ్లీషు కౌంటు లెక్కలో 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతుందో అది కౌంటు, కాబట్టి అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం. ఆ పంచెని ఫ్లిమ్జీ అంటే నేతగాడిని అవమానించినట్టే. అది ఫైన్. పలచన అక్కడ కోరి తెచ్చుకున్న గుణం. ఫ్లిమ్జీలో పలచన పొదుపుకోసమో మోసంకోసమో వచ్చిన లోపం.

బట్ట పాతబడటంలోనూ మెట్లున్నాయి. రంగు పోతే వెలిసిపోయింది, ఫేడెడ్. పైనూగు రాలి పడుగూ పేకా బయటపడితే థ్రెడ్‌బేర్. దుప్పటి నడుమ, చొక్కా మోచేతుల దగ్గర ఇది మొదలవుతుంది, ఇంకా చిరగలేదు. అంచున పీచు లేస్తే ఫ్రేడ్. చిరిగి పేలికలైతే టాటర్డ్. ఎండావానలకి బలం చచ్చి, పట్టుకుంటే పిగిలిపోయేది రాటెన్, మన ‘చివికిన’కి దగ్గరగా వచ్చేది అదే.

ఇదంతా పదాల సరదా అనుకునేవాళ్లు ఉద్దానం వైపు చూడాలి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి మండలాల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, క్రేనుకి బరువులు కట్టే రిగ్గర్లుగా గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెళ్లినవాళ్లు ఎంతోమంది. వాళ్ల చేతికి ఇచ్చే తనిఖీ కాగితం మీద ఉండేవి సరిగ్గా ఈ మాటలే: ఫ్రేడ్, వోర్న్, కింక్డ్, లూజ్, స్లాక్, క్రాక్డ్, బ్రిటిల్. అక్కడ మాట తప్పితే మార్కు కాదు పోయేది, నెత్తిన బరువు పడుతుంది.

తాడు పేటలుగా ఉంటుందనీ, పేటలకి పురి ఉంటుందనీ మన చేపలవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇనుప తాడూ అంతే. ఒక పేట తాడు చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగే పొడవుని లే అంటారు. క్రేను మీద నడిచే తాడుకి అమెరికా భద్రతా నిబంధన ఏమంటుందంటే, ఒక లే పొడవులో అక్కడక్కడా కలిపి ఆరు తీగలు తెగినా, ఒకే పేటలో మూడు తెగినా దాన్ని పక్కన పెట్టాలి. కాబట్టి ‘రోప్ ఈజ్ వీక్’ అని చెబితే సూపర్‌వైజరుకి ఏమీ తెలియదు. ఫ్రేడ్ అంటే తీగలు లేచాయని తెలుస్తుంది, వెంటనే లెక్కపెడతాడు. కింక్డ్ అంటే మెలిక పడి మడతపడింది, సాగదీసి సరిచేసినా లోపల తీగలు దెబ్బతినే ఉంటాయి, వాడకూడదు. వోర్న్ అంటే రాపిడికి వ్యాసం తగ్గింది, కొలవాలి. తాడుకి బరువు తగిలించే ఇనుప కొండీని షాకిల్ అంటారు, దాని పిన్ను వ్యాసంలో పదో వంతు అరిగితే తీసెయ్యాలి. స్లాక్ అంటే లోపమే కాదు, తాడు ఇంకా బిగువెక్కలేదంతే. లూజ్‌నీ స్లాక్‌నీ కలిపేసి ‘వదులు’ అని నేర్చుకున్నవాడికి ఈ తేడా అందదు. బోల్టు లూజైతే ప్రమాదం. తాడు స్లాక్‌గా ఉంటే నెమ్మదిగా బిగించి ఎత్తాలి, ఒక్కసారి లాగితే ఆ కుదుపుకి బరువు ఎన్నో రెట్లయి తాడు మీద పడుతుంది.

కోచింగుల్లో ఈ మాటలు బొమ్మతో, వీలైతే నిజం తాడుతో నేర్పాలని నేను గట్టిగా అనుకుంటాను. మూరెడు కొబ్బరితాడు ముక్క చాలు. చివర పురి విప్పితే అన్‌రావెల్డ్, మధ్యలో రాయికేసి రాస్తే ఫ్రేడ్, మడిచి నలిపితే కింక్డ్.

ఒంట్లో వీక్‌నెస్

ఆసుపత్రిలో మనం వాడే ఇంగ్లీషు మాటల్లో మొదటిది వీక్‌నెస్. మన ఊళ్లో డాక్టరుకి అది నీరసమని తెలుసు. వేరే దేశంలో, వేరే రాష్ట్రంలో డాక్టరు దాన్ని కండరంలో బలం తగ్గడంగా వింటాడు. చెయ్యెత్తు, నా చెయ్యి తొయ్యి అని పరీక్ష మొదలుపెడతాడు. ఆ బలానికి 0 నుంచి 5 దాకా కొలత ఉంది: కండరంలో కదలికే లేకపోతే 0, భూమ్యాకర్షణకి ఎదురుగా ఎత్తగలిగితే 3, మామూలు బలం ఉంటే 5. ఒక పక్క చెయ్యీ కాలూ ఉన్నట్టుండి పడిపోతే అది నిజమైన వీక్‌నెస్, పక్షవాతానికి గుర్తు కావచ్చు. నిమిషాల మీద ఆసుపత్రికి వెళ్లాల్సిన సంగతి. ఏ పనీ చెయ్యబుద్ధి కాక, కాసేపు నడిస్తే కూలబడాలనిపిస్తే అది ఫటీగ్. ఉద్దానం కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఈ నీరసం ఎక్కువ. రక్తకణాల తయారీకి కావాల్సిన హార్మోను మూత్రపిండాల్లోంచే రావాలి, అది తగ్గితే రక్తహీనత వస్తుంది. అలాంటి మనిషి పరాయి ఊళ్లో వీక్‌నెస్ అంటే ఒక దారి, ఫటీగ్ అంటే ఇంకో దారి.

‘కళ్లు తిరుగుతున్నాయి’ అన్నదానిలోనూ మూడున్నాయి. చుట్టూ ఉన్నవి గిరగిరా తిరిగితే వెర్టిగో. లేచి నిలబడగానే చీకట్లు కమ్మి పడిపోతాననిపిస్తే లైట్‌హెడెడ్. తల బాగానే ఉండి నడకలో తూలితే అన్‌స్టెడీ. మొదటిది చెవి లోపలి భాగం, రెండోది రక్తపోటు, మూడోది కాళ్ల నరాలో చిన్నమెదడో అని డాక్టరు ఆలోచన మళ్లుతుంది.

ఇక ఫ్రెయిల్, ఫీబుల్. ఫీబుల్ అంటే ఇప్పుడు బలం చాలడం లేదు: ఫీబుల్ గొంతు, ఫీబుల్ నాడి. ఫ్రెయిల్ అంటే చిన్న దెబ్బకి పెద్ద నష్టం జరిగే స్థితి. మాట గట్టిగానే ఉన్న ముసలాయన కూడా ఫ్రెయిల్ కావచ్చు, జారిపడితే తుంటి విరిగి మంచాన పడతాడు. వృద్ధుల వైద్యంలో దీనికి కొలతే ఉంది. 2001 నుంచి వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో అయిదు గుర్తులు చూస్తారు: కారణం లేకుండా బరువు తగ్గడం, అలసట, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, తిరగడం తగ్గిపోవడం. మూడు కనబడితే ఫ్రెయిల్, ఒకటో రెండో కనబడితే ఆ దారిలో ఉన్నట్టు. డెక్రెపిట్ మాత్రం మనుషులకి వాడకపోవడమే మంచిది. అర్థంలో ముసలితనమే ఉన్నా చులకన ధ్వనిస్తుంది. పాత జీపుకి వాడండి, పెద్దమ్మకి వద్దు.

ఎదురు వాదనలు

ఇంగ్లీషు సొంతభాషగా ఉన్నవాళ్లే ఇవన్నీ కలిపి వాడతారు కదా అనొచ్చు. నిజమే. పాక గురించి ఒకరు రికెటీ అంటే మరొకరు ర్యామ్‌షాకిల్ అంటారు, ఇద్దరూ తప్పు కాదు. ఈ మాటల హద్దులు పొలం గట్లలా ఉండవు. కానీ చొక్కా కాలరుని రికెటీ అనేవాళ్లు లేరు, తాడుని డిలాపిడేటెడ్ అనేవాళ్లు లేరు. అంచుల దగ్గర కలిసిపోయినంత మాత్రాన నడుమ ఒకటి కావు.

రెండో అభ్యంతరం వ్యుత్పత్తి గురించి. మాట ఎక్కడ పుట్టిందో చెబితే ఇవాళ్టి అర్థం తెలిసిపోతుందా? తెలియదు. ఈ అభ్యంతరం నాకూ బలంగానే తోస్తుంది. ర్యామ్‌షాకిల్ మూలం దోచుకోవడానికి సంబంధించిన మాట, ఇప్పుడందులో దోపిడీ లేదు. క్రేజీ అంటే మొదట్లో పగుళ్లిచ్చినదని. మట్టిపాత్రల మెరుగులో సన్నటి పగుళ్లని క్రేజింగ్ అని ఇప్పటికీ అంటారు, అయినా పగిలిన గోడని క్రేజీ అంటే నవ్వుతారు. పుట్టుక జ్ఞాపకానికి ఒక కొక్కెం మాత్రమే, ప్రమాణం వాడుకే. పర్లాకిమిడిలో ఉండి వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి ప్రాంతంవాళ్లకి ఆ సంగతి వేరే చెప్పాలా?

మూడోది, అసలు ఇంగ్లీషులో ఎందుకు, తెలుగులోనే రాయొచ్చుగా అన్నది. పంచాయతీకి, తహసీల్దారుకి తెలుగులోనే రాయండి, పైన చెప్పినట్టు తెలుగులో వివరం బాగా పడుతుంది కూడా. పాలసీ కాగితం, టెండరు, సైటు మీది తనిఖీ పత్రం, పరాయి ఆసుపత్రి మన చేతిలో లేవు.

పరీక్షకి ఇంత అక్కర్లేదనేవాళ్లకి మాత్రం పరీక్ష భాషలోనే జవాబుంది. ఈ మాటలు నిజంగా పర్యాయాలైతే వీటన్నిటికీ వ్యతిరేకపదం ఒకటే అవ్వాలి. రాసి చూడండి. వాబ్లీకి స్టెడీ. రికెటీకి స్టర్డీ. బ్రిటిల్‌కి టఫ్. ఫ్రెయిల్‌కి రోబస్ట్. డిలాపిడేటెడ్‌కి వెల్-కెప్ట్. ఫ్రేడ్‌కి ఇంటాక్ట్. ఫ్లిమ్జీకి సబ్‌స్టాన్షియల్. ఒకదాని జోడీ మరొకదానికి పెడితే అతకదు: స్టెడీ కాలరు ఉండదు, వెల్-కెప్ట్ కొమ్మ ఉండదు. ప్రశ్నపత్రంలో నాలుగు దగ్గరి మాటలిచ్చి ఖాళీ పూరించమన్నప్పుడు పట్టీగా బట్టీ పట్టినవాడికి నాలుగూ ఒకటే. వాక్యంలో ఉన్నది తాడో గోడో మనిషో చూసినవాడికి రెండు అక్కడే ఎగిరిపోతాయి. ఎవిడెన్స్ పక్కన ఫ్లిమ్జీ ఎందుకొస్తుందో, ఎక్స్‌క్యూజ్ పక్కన ఫీబుల్ ఎందుకొస్తుందో కూడా ఇలాగే తెలుస్తుంది. మొదటిది మొయ్యాల్సిన ఆరోపణకి చాలనంత పలచన, రెండోదాన్ని చెప్పే మనిషి కూడా గట్టిగా చెప్పలేడు.

నేర్పేవాళ్లు గైడులో ఆ పేజీ వదిలెయ్యక్కర్లేదు. ప్రతి మాట పక్కనా పెన్సిలుతో రెండు గడులు గీయించండి. ఒకదాంట్లో ఈ మాట ఏ వస్తువుకి వాడతారో, రెండోదాంట్లో అందులో చెడింది అతుకా, మందమా, అంచా, పోషణా, వయసా అన్నదీ తెలుగులో రాయించండి. రెండో గడి నింపలేకపోతే ఆ మాట ఇంకా రాలేదని లెక్క. బెంచీ ఎలాగూ క్లాసులోనే ఉంటుంది.